జున్నుపాలకు తెలిసిన కిటుకు

ఇన్సులిన్ సూదిగానే ఎందుకు? మాత్రగా మింగితే పోదా? పొద్దున్నే పొట్ట చర్మం పట్టుకుని సూది గుచ్చుకునే ప్రతి ఒక్కరికీ వచ్చే సందేహమే ఇది. నూరేళ్లుగా శాస్త్రవేత్తల్ని వేధిస్తున్న ప్రశ్న కూడా ఇదే. విచిత్రమేమిటంటే.. ఆ జవాబులో సగం మన గొడ్లచావిడిలోనే ఉంది!

పొన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో గేదె ఈనే రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. లాంతర్లు పోయి టార్చిలైట్లు, అవి పోయి సెల్‌ఫోన్ లైట్లు వచ్చాయి గానీ హడావుడి మాత్రం అదే. దూడ ముక్కులో జిగురు తీయాలి, ఎండుగడ్డితో ఒళ్లంతా తుడవాలి, బొడ్డుకు టింక్చరు రాయాలి. ఇవన్నీ అయ్యాక మొదలవుతుంది అసలు వాదన. ‘మాయ పడకుండా పాలు పిండకూడదు’ అంటుంది ఇంటి పెద్దావిడ. ‘గంట దాటితే దూడకే నష్టం’ అంటాడు పశువుల ఆసుపత్రిలో విని వచ్చిన కొడుకు. ఈ విషయంలో మాత్రం కొడుకు మాటే నిజం.

మనిషి బిడ్డకు కడుపులో ఉండగానే తల్లి రక్తం నుంచి రోగనిరోధక సరంజామా, అంటే యాంటీబాడీలు కొంత అందుతాయి. గేదె, ఆవు దూడలకు ఆ అదృష్టం లేదు. వాటి మాయ యాంటీబాడీలను దాటనివ్వదు. దూడ దాదాపు ఒట్టి చేతులతో పుడుతుంది. దానికి కావాల్సిన రక్షణంతా తొలి ముర్రుపాలలోనే ఉంటుంది.

ఇక్కడే ఉంది చిక్కు. యాంటీబాడీ అంటే మాంసకృత్తు.. ప్రొటీన్. ప్రొటీన్‌ను మింగితే ఏమవుతుంది? కందిపప్పు ఏమవుతుందో అదే అవుతుంది. అరిగిపోతుంది. మరి దూడకు ఎలా పనిచేస్తోంది?

ప్రకృతి దానికి మూడు ఏర్పాట్లు చేసింది. అప్పుడే పుట్టిన దూడ కడుపులో ఆమ్లం ఇంకా గట్టిగా ఊరదు. ముర్రుపాలలో యాంటీబాడీలతో పాటు, ప్రొటీన్లను కత్తిరించే ట్రిప్సిన్ అనే ఎంజైమును అడ్డుకునే పదార్థం కూడా ఉంటుంది. అంటే సరుకుతో పాటు కాపలాదారునూ పంపిందన్నమాట! ఇక మూడోది అన్నిటికంటే చిత్రం. పుట్టిన తొలి గంటల్లో దూడ చిన్నపేగు గోడలు అంత పెద్ద ప్రొటీన్లను కూడా ముక్కలు చేయకుండా యథాతథంగా రక్తంలోకి లాగేసుకుంటాయి. గంటలు గడిచేకొద్దీ ఆ తలుపు మూసుకుపోతూ ఉంటుంది. ఒక రోజు తిరిగేసరికి దాదాపు పూర్తిగా మూతపడుతుంది. మాయ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఆ తలుపు ఎవరి కోసమూ ఆగదు.

ఆమ్లాన్ని తప్పించడం, కత్తెరను ఆపడం, తలుపు తెరవడం. సూదిమందును మాత్రగా మార్చాలని పరిశోధనశాలల్లో తల బద్దలు కొట్టుకుంటున్నవాళ్లు చేయాలనుకుంటున్నదీ సరిగ్గా ఈ మూడు పనులే. కాకపోతే వాళ్ల ముందున్నది గంట క్రితం పుట్టిన దూడ కాదు. తలుపులన్నీ బిగించుకున్న అరవై ఏళ్ల పొట్ట!

పూసల దండ.. కత్తెరల సంత

ఇన్సులిన్ 51 పూసల దండ లాంటిది. ఒక్కో పూస ఒక్కో అమైనో ఆమ్లం. ఇలాంటి చిన్న దండల్నే పెప్టైడ్లంటారు. దండ మరీ పొడవైతే ప్రొటీన్. పూసలు ఏ వరుసలో ఉన్నాయి, దండ ఎలా మడత పడింది అన్నదాన్ని బట్టే అది శరీరంలో ఏ తాళం తీస్తుందన్నది ఉంటుంది. దండ తెగితే పూసలు మిగులుతాయి గానీ తాళంచెవి మిగలదు.

జీర్ణాశయంలో పెప్సిన్, చిన్నపేగులో ట్రిప్సిన్ లాంటివి ఆ దండల్ని తెంపడానికే పుట్టిన కత్తెరలు. వాటికి ఇన్సులిన్ అన్నా కోడిగుడ్డన్నా ఒకటే. ఒకవేళ తెగకుండా మిగిలినా పేగు గోడ దాటలేదు. ఒకట్రెండు, మహా అయితే మూడు పూసల ముక్కల్ని లోపలికి తీసుకెళ్లడానికే అక్కడ దారులున్నాయి. యాభై ఒక్క పూసలకు లేదు.

1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల కుర్రాడికి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అప్పటిదాకా ఆ రకం మధుమేహం వచ్చిన పిల్లలకు చావే గతి. సూదితో బతుకు దొరికింది. ఆ వెంటే మొదలైంది సూదిని వదిలించుకునే ప్రయత్నం. నోటి ద్వారా ఇచ్చిచూసే ప్రయోగాలు ఆ తొలినాళ్లలోనే జరిగాయి. ఫలించలేదు.

ఈ సంగతి మన డెల్టా రైతుకు మరోలా తెలుసు. రేపల్లె, బాపట్ల వైపు వరి చేలల్లో రక్తపింజరి, నాగుపాము భయం లేనివాడుండడు. ఆ విషం ప్రాణం తీసేది కాటు పడి ఒంట్లోకి దిగినప్పుడు. అందులోనూ ఎక్కువ భాగం ప్రొటీన్లు, పెప్టైడ్లే కనుక కడుపులోకి పోతే చాలావరకు అరిగిపోతుంది. (నోట్లోనో కడుపులోనో చిన్న పుండున్నా ప్రమాదమే కాబట్టి ఎవరూ పరీక్షించి చూడక్కర్లేదు!) పాముకు కోర ఎందుకంటే.. దాని మందు మింగితే పనిచేయదు గనుక. ఒక రకంగా ప్రపంచంలో తొలి ఇంజెక్షన్ సూది దానిదే.

పాము చెప్పిన ఉపాయం

అసలు విజయం కూడా పాము దగ్గరే దొరికింది. బ్రెజిల్‌లో జరారాకా అనే విషసర్పం కరిస్తే మనిషికి రక్తపోటు అమాంతం పడిపోతుంది. ఎందుకలా అని తవ్వుతూ వెళ్లిన సెర్జియో ఫెరీరా అనే శాస్త్రవేత్త 1960ల్లో ఆ విషంలోని పెప్టైడ్లను బయటపెట్టాడు. వాటిలో తొమ్మిది పూసలున్న ఒకదానికి టెప్రోటైడ్ అని పేరు. బీపీని భేషుగ్గా తగ్గించింది. కానీ సూదిగా ఇస్తేనే! బీపీ ఉన్నవాళ్లు జీవితాంతం రోజూ సూది పొడిపించుకుంటారా?

అమెరికాలోని స్క్విబ్ కంపెనీలో డేవిడ్ కుష్‌మన్, మిగెల్ ఒండెట్టి ఒక తెలివైన పని చేశారు. దండను కాపాడే ప్రయత్నమే మానేశారు. అది తీస్తున్న తాళం ఎలా ఉందో గమనించి, ఆ తాళానికే సరిపోయే అతి చిన్న తాళంచెవిని కొత్తగా చెక్కారు. కత్తెరకు దొరకనంత చిన్నది, పేగు గోడ దాటగలిగినంత చిన్నది. 1975లో తయారైన ఆ మందే క్యాప్టోప్రిల్. 1981లో అమెరికాలో అనుమతి వచ్చింది. దాని వెనకే ఎనలాప్రిల్, రామిప్రిల్ వరుస కట్టాయి. ఇంట్లో బీపీ మాత్రల అట్ట తీసి చూడండి. పేరు చివర ‘ప్రిల్’ అని ఉంటే ఆ మాత్ర వంశవృక్షం మొదట్లో ఒక పాముందన్నమాట.

అంటే దారులు రెండు. దండను కాపాడి గమ్యం చేర్చడం ఒకటి. దండను వదిలేసి చిన్న తాళంచెవి చేసుకోవడం రెండోది. ఇన్సులిన్ విషయంలో రెండో దారి ఇప్పటిదాకా అక్కరకొచ్చే మందును ఇవ్వలేదు. అందుకే అందరూ మొదటి దారి పట్టారు.

హైదరాబాద్ ఎలుకల కథ

ఆ దారిలో మనవాళ్ల అడుగులూ ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఐఐసీటీ.. భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో చలసాని, దివాన్ తదితరుల బృందం ఓ చమత్కారమైన ఆలోచన చేసింది. విటమిన్ బి12 కూడా పెద్ద అణువే. అయినా పేగు దాన్ని లోపలికి తీసుకుంటుంది. ఎందుకంటే దానికంటూ ఒక ప్రత్యేక వాహనం ఉంది. జీర్ణాశయంలో ఊరే ఒక ప్రొటీన్ బి12ను వెంటబెట్టుకుని వెళ్లి చిన్నపేగు చివర్న దించుతుంది. అక్కడ దానికోసమే ఒక తలుపు తెరుచుకుంటుంది. ఇన్సులిన్‌ను కంటికి కనపడనంత చిన్న రేణువుల్లో దాచి, వాటిపైన బి12 పూత పూస్తే.. కాపలాదారు మోసపోడా?

మోసపోయాడు! డెక్స్‌ట్రాన్ అనే పిండిపదార్థంతో ఆ రేణువుల్ని చేసి మధుమేహం ఉన్న ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే రక్తంలో చక్కెర గణనీయంగా తగ్గింది. 2007లో ఈ ఫలితాలు అంతర్జాతీయ పత్రికలో వచ్చాయి. మరి ఆ మాత్ర ఎక్కడ? ఎలుక వేరు, మనిషి వేరు. ఆ బి12 తలుపు చాలా ఇరుకు. ఒక పూట భోజనంలో ఒకటి రెండు మైక్రోగ్రాముల బి12ను మించి దాటనివ్వదు. దానిలోంచి రోజుకు సరిపడా ఇన్సులిన్ పంపడమంటే కిటికీ సందులోంచి ధాన్యం బస్తాలు దించడమే.

బెంగళూరులోని బయోకాన్ ఇంకా ముందుకెళ్లింది. ఇన్సులిన్ దండకే చిన్న తోక తగిలించి మాత్రగా చేసి మన దేశంలోనే రోగులపై పరీక్షించింది. 2011లో తేలిన ఫలితాల్లో అది ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేకపోయింది. డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ చేసిన మాత్ర సూదితో సమానంగా చక్కెరను తగ్గించింది. 2019లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. కానీ ఒక్కో మాత్రలో కుక్కాల్సిన ఇన్సులిన్ ఎంతంటే.. ఆ లెక్కన గిట్టుబాటు కాదని కంపెనీయే విరమించుకుంది. ఇజ్రాయెల్‌కు చెందిన ఓరామెడ్ మాత్ర 2023 జనవరిలో చివరి దశ పరీక్షలో తప్పింది. ఒక్కో వైఫల్యం వెనక ఏళ్ల శ్రమ, కోట్ల ఖర్చు ఉన్నాయి.

అసలు ఇబ్బంది ఇంకొకటుంది. ఇన్సులిన్‌తో పరాచికాలాడకూడదు. తక్కువైతే చక్కెర పెరుగుతుంది, ఎక్కువైతే ప్రాణం మీదికొస్తుంది. ఈరోజు నూటికి ఒక పాలు, రేపు మూడు పాళ్లు లోపలికి వెళ్లే మాత్రను ఏ డాక్టరు ధైర్యంగా రాస్తాడు?

సగం గ్లాసు నీళ్లు.. అరగంట ఆకలి

అలా అని మింగే పెప్టైడ్లు లేనేలేవా అంటే, ఉన్నాయి. మూత్రపిండం మార్పిడి చేయించుకున్నవాళ్లు మింగే సైక్లోస్పోరిన్ పదకొండు పూసల దండే. కొసలు లేకుండా గుండ్రంగా ముడిపడి, కత్తెరకు చిక్కని తీరులో పుట్టింది. పక్క తడిపే పిల్లలకు రాసే డెస్మోప్రెసిన్ మాత్రలో తొమ్మిది పూసలు. మింగిన దాంట్లో రక్తంలోకి చేరేది వెయ్యింట ఒక వంతు! ఆ కాస్తే చాలు, అంత శక్తిమంతం కనుక సరిపోయింది.

అయితే ఈ రంగాన్ని మలుపు తిప్పింది సెమాగ్లుటైడ్. 31 పూసలు. మధుమేహానికి, తర్వాత బరువు తగ్గడానికి వారానికో సూదిగా పేరు తెచ్చుకుంది. దాన్ని మాత్రగా చేసి 2019 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి తెచ్చుకున్నారు. మన దేశంలోకి 2022లో వచ్చింది. కిటుకు ‘స్నాక్’ అనే రసాయనంలో ఉంది. మాత్ర జీర్ణాశయం గోడకు ఆనుకుని కరిగేటప్పుడు స్నాక్ తన చుట్టూ ఉన్న ఆ కాస్త చోట ఆమ్లం ఘాటును తగ్గిస్తుంది. పెప్సిన్ కత్తెర మొద్దుబారుతుంది. ఆ లోపే గోడను కాసేపు మెత్తబరిచి మందును లోపలికి జారవిడుస్తుంది. ఆమ్లం, కత్తెర, తలుపు.. ముర్రుపాల మూడు పనులూ ఇందులో ఉన్నాయి చూడండి!

మరి నష్టమో? సూదిగా అయితే వారానికి ఒక మిల్లీగ్రాము చాలిన చోట, మొదట వచ్చిన మాత్రల్లో పెద్దది రోజుకు 14 మిల్లీగ్రాములు. వారానికి 98! లోపలికి చేరేది నూటికి ఒక వంతులోపే. మిగిలిందంతా జీర్ణమైపోతుంది. అంత నష్టపోయినా పనిచేయడానికి కారణం, రక్తంలోకి ఒకసారి చేరిన మందు సగానికి తగ్గడానికి వారం పడుతుంది. ఈరోజు కొంచెం తక్కువ చేరినా నిన్నటిది, మొన్నటిది ఉండనే ఉంటుంది. ఇన్సులిన్‌కు లేని వెసులుబాటు అదే.

ఇక్కడే మన ఇళ్లలో తేడా వస్తుంది. ఈ మాత్రను పొద్దున్నే పరగడుపున, సగం గ్లాసుకు మించని మంచినీళ్లతో, నమలకుండా, విరవకుండా మింగాలి. ఆపై కనీసం అరగంట దాకా మరేమీ ముట్టకూడదు. నిద్ర లేవగానే ఫిల్టర్ కాఫీ పడనిదే పేపర్ చేతికి తీసుకోని పెద్దాయనకు ఆ అరగంట ఎంత పెద్దదో ఇంట్లోవాళ్లకే తెలుసు! ‘ఒక గుక్క కాఫీకేం కాదులే’ అంటే అయ్యేదేమీ కనపడదు. వాంతి కాదు, దద్దురు రాదు. మందు చేరదు, అంతే. మూడు నెలల తర్వాత రక్తపరీక్షలో తెలుస్తుంది. అన్ని మాత్రలూ ఒకేసారి గుప్పెట్లో వేసుకుని చెంబెడు నీళ్లు తాగే అలవాటున్న అమ్మలదీ ఇదే కథ. థైరాయిడ్ మాత్ర కూడా పరగడుపునే వేసుకోమంటారు కాబట్టి రెండూ ఉన్నవాళ్లు ఏది ఎప్పుడన్నది డాక్టర్ని ముందే అడగాలి.

సెమాగ్లుటైడ్ మీద మన దేశంలో ప్రధాన పేటెంటు గడువు 2026 మార్చి. ఆ తేదీని దృష్టిలో పెట్టుకుని హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ సహా పలు కంపెనీలు సొంత తయారీకి దిగాయి. ఆ సంస్థను స్థాపించిన కల్లం అంజిరెడ్డి గుంటూరు జిల్లా తాడేపల్లివాడే. ధరలు దిగితే ఈ మందు పేరు పట్నం క్లినిక్కుల్లోనే కాదు, తెనాలి, పొన్నూరు మందుల షాపుల్లోనూ గట్టిగా వినపడుతుంది. అందుకే మింగే పద్ధతి ముందే తెలియడం అవసరం.

డబ్బా మీద ‘పెప్టైడ్’

పేరున్న మందుకే ఇంత హంగామా ఉంటే, ఊరూపేరూ సరిగా లేని పొడులూ గొట్టాల సంగతేమిటి? జిమ్ముల్లో కండరాలు, కీళ్లు బాగుపడతాయంటూ బీపీసీ-157 అనే పెప్టైడ్ పేరు వినిపిస్తోంది. సూదిగా వాడేదాన్నే ఇప్పుడు క్యాప్సూళ్లలోనూ అమ్ముతున్నారు. దాన్ని అమెరికా ఎఫ్‌డీఏ మందుగా అనుమతించలేదు. 2022లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధిత జాబితాలోకి ఎక్కించింది. కడుపులో చెడదని అమ్మేవాళ్లు చెబుతారు గానీ, మనుషులపై పెద్ద ఎత్తున జరిపిన పరీక్షల బలం ఆ మాటకు లేదు.

చర్మం తెల్లబడాలని గ్లూటాథయోన్ సూదులు పొడిపించుకునేవాళ్లున్నారు. ఆ పని కోసం ఇలాంటి సూదులు వద్దని ఎఫ్‌డీఏ హెచ్చరించింది కూడా. సూది భయం ఉన్నవాళ్లకు అదే మాత్రగా దొరుకుతుంది. గ్లూటాథయోన్ మూడే పూసలు. కడుపులో పడ్డాక అందులో చాలా భాగం ఆ మూడు పూసలుగా విడిపోతుంది. ఆ పూసలు పప్పన్నంలోనూ ఉన్నాయి. కొల్లాజెన్ పొడి కొంచెం నయం. దాన్ని ముందే చిన్న ముక్కలుగా నరికి అమ్ముతారు కాబట్టి రెండు మూడు పూసల ముక్కలు కొన్ని రక్తంలోకి చేరతాయి. అయితే అవి తిన్నగా వెళ్లి బుగ్గ మీద ముడతలోనే కూర్చుంటాయన్న గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

ఇక పెరట్లో ‘ఇన్సులిన్ మొక్క’! రోజుకో ఆకు నమిలితే సూది అక్కర్లేదన్న ప్రచారం మన పల్లెల్లో గట్టిగానే ఉంది. ఆ ఆకులో ఉన్నది సీసాలోని ఇన్సులిన్ కాదు. ఒకవేళ ఉన్నా.. నమిలి మింగితే ఏమవుతుందో ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఆకు తింటే తిననివ్వండి. సూది మానేస్తేనే ముప్పు. ముఖ్యంగా టైప్-1 మధుమేహం ఉన్న పిల్లలకు. వాళ్ల ఒంట్లో ఇన్సులిన్ ఊరదు. ఒకట్రెండు రోజులు ఆపినా రక్తం ఆమ్లంగా మారి ఆసుపత్రి పాలవుతారు. ఒక్కోసారి ప్రాణాలకే ప్రమాదం. 1922కు ముందు లియొనార్డ్ థాంప్సన్ లాంటి పిల్లలకు పట్టిన గతి అదే.

కాబట్టి నోటి ద్వారా పెప్టైడ్ అని ఎవరైనా అమ్మజూపితే అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. కడుపులో కరిగిపోకుండా దీనికి ఏం ఏర్పాటు చేశారు? స్నాక్‌లా జవాబుంటే ఆ తర్వాత ధర, మోతాదు మాట్లాడొచ్చు. జవాబు లేకపోతే అది ఖరీదైన కందిపప్పు.

ఈలోగా పరిశోధకులు పాము చూపిన రెండో దారికి మళ్లీ వచ్చారు. సెమాగ్లుటైడ్ తీసే తాళానికే జపాన్‌లోని చుగాయ్ కంపెనీ ఓ చిన్న తాళంచెవిని చెక్కింది. పేరు ఆర్‌ఫోర్‌గ్లిప్రాన్. పెప్టైడ్ కాదు. కత్తెర భయం లేదు, పరగడుపు నియమమూ లేదు. అమెరికా కంపెనీ ఎలై లిల్లీ దాన్ని తీసుకుని చివరి దశ పరీక్షలు చేసింది. 2025లో వచ్చిన ఫలితాల్లో ఎక్కువ మోతాదు వాడినవాళ్లు 72 వారాల్లో సగటున 11 శాతం దాకా బరువు తగ్గారు. క్యాప్టోప్రిల్ కథే, యాభై ఏళ్ల తర్వాత మళ్లీ. ఇన్సులిన్‌కు మాత్రం అలాంటి చిన్న తాళంచెవి ఇంకా ఎదురుచూపుల్లోనే ఉంది.

గొడ్లచావిడిలో దూడ తాగగా మిగిలిన జున్నుపాలు తెల్లారేసరికి ఇరుగుపొరుగుకు గిన్నెల్లో అందుతాయి. బెల్లం కలిపి, మిరియాలూ యాలకులూ దంచి వేసి, ఆవిరి మీద ఉడికిస్తే గట్టిగా పేరుకుంటుంది. దూడకు ప్రాణరక్షణ అయిన యాంటీబాడీలు ఆ వేడికి చెడిపోయి, మన పళ్లెంలో ఒట్టి జున్నుగా మిగులుతాయి. ఇంటి పెద్దావిడ ఫ్రిజ్ తలుపులోంచి ఇన్సులిన్ పెన్ను తీసి, అంకె తిప్పి, పొట్ట మీద గుచ్చుకుంటుంది. ఆ తర్వాతే చిన్న ముక్క తెంపి నోట్లో వేసుకుంటుంది. బెల్లం ఎక్కువైందని కోడలి మీద గొణుగుతూనే.